బోర్డు మారిస్తే లైసెన్స్ ఎందుకు పోవాలి? వినియోగదారుల వ్యవహారాల శాఖకు హనుమకొండ నుంచి బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు,
న్యూఢిల్లీ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను హనుమకొండలో కంప్యూటర్లు రిపేర్ చేసి బతికేవాణ్ణి. సొంతంగా చిన్న షాపు ఉంది. వరంగల్, కాజీపేట నుంచే కాకుండా పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, జమ్మికుంట, ములుగు నుంచి కూడా సిస్టమ్‌లు నా దగ్గరికి వస్తాయి. తెచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఆ కంప్యూటరే కూడు పెడుతుంది. జిరాక్స్ సెంటర్ల వాళ్ళు, డీటీపీ చేసేవాళ్ళు, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ళు, మీసేవ ఆపరేటర్లు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాల లెక్కలు రాసేవాళ్ళు, కాకతీయ యూనివర్సిటీలో థీసిస్ పూర్తి చేసుకునే పిల్లలు. వీళ్ళంతా నా కౌంటర్ ముందు నిలబడి ఒకే ప్రశ్న అడుగుతారు: "అన్నా, బోర్డు కాలిపోతే బోర్డు మార్చినం. పైసలు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఎందుకు పోయింది?"

ఈ ప్రశ్నకు జవాబు నా చేతిలో లేదు. మీ చేతిలో ఉందని నమ్ముతున్నాను కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. నేను కోరేది ఒక్కటే. మనిషి డబ్బు పెట్టి కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ హక్కు ఆ మనిషి దగ్గరే ఉండాలి. కాలిపోయిన మదర్‌బోర్డుతో (కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డుతో) పాటు అది చెత్తలోకి పోకూడదు. దేశంలో మరమ్మతు హక్కు (కొన్న వస్తువును సులువుగా బాగుచేయించుకునే హక్కు) గురించి మీ శాఖ చేస్తున్న పనిలో ఈ సంగతిని కూడా చేర్చండి.

మా దగ్గర ఏం జరుగుతుందో ముందు చెబుతాను. ఎండాకాలంలో గాలిదుమారం లేచినప్పుడు, వానాకాలం మొదట్లో ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు మా షాపులో సిస్టమ్‌లు వరసపెట్టి ఉంటాయి. పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దగ్గర్లో పిడుగు పడితే ఇంటర్నెట్ వైరు గుండా లోపలికి వచ్చి లాన్ పోర్టును, దాంతోపాటు బోర్డును కాల్చేస్తుంది. యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఊళ్ళల్లో ఎర్తింగ్ సరిగా ఉన్న దుకాణం దొరకడమే అరుదు. అందుకని మా ప్రాంతంలో కంప్యూటర్‌కు వచ్చే పెద్ద జబ్బు మదర్‌బోర్డు పోవడమే.

పోయిన బోర్డు పాతదైతే అలాంటిదే మళ్ళీ దొరకదు. మూడో తరం, నాలుగో తరం ప్రాసెసర్లకు సరిపోయే బోర్డులను పేరున్న కంపెనీలు తయారు చేయడం ఎప్పుడో ఆపేశాయి. సెకండ్ హ్యాండ్ బోర్డు వెతకాలి, లేకపోతే ఊరూపేరూ లేని కొత్త బోర్డు వేయాలి. రెండూ నమ్మకం లేనివే. కొంచెం డబ్బు పెట్టగలిగినవాళ్ళకు నేనే చెబుతాను: ఎట్లాగూ ఖర్చు పెడుతున్నారు, కొత్త తరం బోర్డు, దానికి సరిపోయే ప్రాసెసర్ వేసుకోండి, పాత డీడీఆర్3 ర్యామ్ తీసేసి డీడీఆర్4 వేద్దాం, నాలుగేళ్ళు ఇబ్బంది ఉండదు అని. క్యాబినెట్ పాతదే, మానిటర్ పాతదే, హార్డ్ డిస్క్ పాతదే, అందులో ఉన్న పని పాతదే, కూర్చునే మనిషీ పాతవాడే. కానీ సిస్టమ్ ఆన్ చేయగానే స్క్రీన్ కుడివైపు కింద "యాక్టివేట్ విండోస్" అని వచ్చేస్తుంది.

ఎందుకొస్తుందో ఆ మనిషికి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేకుండా ఉండాలి. కానీ మీకు తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఈ యాక్టివేషన్ పద్ధతి మామూలు ఇళ్ళలోకి వచ్చింది. కంప్యూటర్‌లో ఉన్న భాగాల వివరాలన్నీ కలిపి సాఫ్ట్‌వేర్ ఒక గుర్తు తయారు చేసుకుంటుంది. ఆ గుర్తును, మనం కొన్న కీని (లైసెన్స్ నంబరును) జతచేసి కంపెనీ సర్వర్‌లో నమోదు చేస్తుంది. ర్యామ్ పెంచినా, డిస్క్ మార్చినా మామూలుగా ఏమీ అనదు. బోర్డు మారితే మాత్రం ఇది వేరే కంప్యూటర్ అని తీర్మానిస్తుంది.

పైగా అన్ని లైసెన్సులూ ఒకటి కాదు. విడిగా పెట్టెలో కొన్న రిటైల్ కాపీని ఒక కంప్యూటర్ నుంచి తీసేసి ఇంకో కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటే వచ్చే ఓఈఎం కాపీ అలా కాదు. అది మొదట ఏ మెషిన్‌లో పడిందో ఆ మెషిన్‌తోనే ముగుస్తుంది. మైక్రోసాఫ్ట్ నిబంధన ప్రకారం బోర్డు చెడిపోయి, దాని స్థానంలో అదే మోడల్ లేదా తయారీదారు దానికి సమానమని చెప్పే బోర్డు వేస్తే పాత లైసెన్స్ చెల్లుతుంది. బోర్డును మెరుగుపరచుకోవడానికి మారిస్తే మాత్రం అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క, కొత్త లైసెన్స్ కొనాలి. కాగితం మీద చూస్తే ఈ తేడా సబబుగానే కనిపిస్తుంది. మా షాపులో బల్ల మీద చూస్తే కనిపించదు. ఎనిమిదేళ్ళ కిందటి మోడల్ ఇప్పుడు ఎక్కడా దొరకనప్పుడు, చెడిపోయినందుకు మార్చడానికీ మెరుగుపరచడానికి మార్చడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? దొరికేదే కొత్త తరం బోర్డు అయితే, అది రిపేరా, అప్‌గ్రేడా?

ఇంకో చిక్కు ఉంది. విండోస్ 7 కాలం వరకు క్యాబినెట్ మీద ఒక స్టిక్కర్ ఉండేది, దాని మీద కీ ఉండేది. అరిగిపోయినా భూతద్దం పెట్టి చదువుకునేవాళ్ళం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి బ్రాండెడ్ కంప్యూటర్లలో ఆ కీని బోర్డు మీది చిప్‌లోనే దాచి పంపిస్తున్నారు. బోర్డు బాగున్నంత కాలం ఇది మంచి సౌకర్యమే, ఫార్మాట్ చేసి మళ్ళీ విండోస్ వేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. కానీ బోర్డు కాలిపోయిన రోజు కీ కూడా దాంతోనే కాలిపోతుంది. కొన్నవాడి చేతిలో ఒక కాగితం ముక్క కూడా మిగలదు. బిల్లు చూపిద్దామంటే బిల్లులో "ల్యాప్‌టాప్ ఒకటి" అని ఉంటుంది తప్ప అందులో విండోస్ ధర ఎంతో, ఏ రకం లైసెన్సో ఒక్క ముక్క ఉండదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో తాను కొనే వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉందని రాసుకున్నాం. మరి "ఇందులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఈ బోర్డుకు మాత్రమే చెల్లుతుంది" అని పెట్టె మీద ఎక్కడైనా రాసి ఉందా? ప్రాసెసర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ర్యామ్ ఎంతో, డిస్క్ ఎంతో ఉంటుంది. ఈ ఒక్క మాట మాత్రం మొదటిసారి ఆన్ చేశాక కనిపించే పొడవాటి ఇంగ్లిష్ ఒప్పందంలో ఎక్కడో ఉంటుంది. డబ్బు కట్టేసి, ఇంటికి తెచ్చుకుని, పెట్టె విప్పాక చూపించే షరతును ఒప్పుకున్నట్టు ఎలా లెక్క వేస్తారు? మా దగ్గరికి వచ్చే రైతు బిడ్డకు, ఇంటర్ చదివి జిరాక్స్ సెంటర్ పెట్టుకున్న అమ్మాయికి ఆ ఒప్పందం తెలుగులో ఎవరు చెబుతారు?

విండోస్ గురించే ఇంతసేపు చెప్పాను కానీ, నిజానికి నన్ను ఎక్కువ బాధపెట్టేది డీటీపీ వాళ్ళ కష్టం. వరంగల్‌లో, కరీంనగర్‌లో, జగిత్యాలలో పెళ్ళి పత్రికల నుంచి స్కూలు ప్రశ్నపత్రాల దాకా, కరపత్రాల నుంచి ఎంఫిల్, పీహెచ్‌డీ థీసిస్‌ల దాకా తెలుగులో అచ్చయినవన్నీ ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో తయారైనవే. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని మీద తెలుగు టైపు చేయడానికి ప్రత్యేకమైన ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్ కావాలి. అవి ఏ మెషిన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫాంట్ లేని మెషిన్‌లో ఫైల్ తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. అందుకని ఆ సాఫ్ట్‌వేర్ పోవడమంటే ఒక ప్రోగ్రామ్ పోవడం కాదు, అంతకుముందు చేసిన పనంతా చదవడానికి వీల్లేకుండా పోవడం.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు కొన్ని డాంగిల్‌తో వచ్చేవి. డాంగిల్ అంటే కంప్యూటర్ వెనక గుచ్చే చిన్న ముక్క, అది ఉంటేనే ప్రోగ్రామ్ నడుస్తుంది. పాతవి ప్రింటర్ పెట్టుకునే వెడల్పాటి ప్యారలల్ పోర్టుకు గుచ్చేవి. ఇప్పుడొచ్చే బోర్డుల్లో ఆ పోర్టే ఉండదు. విడిగా కార్డు వేసినా, యూఎస్‌బీ నుంచి మార్చే వైరు పెట్టినా పాత డాంగిల్‌ను ప్రోగ్రామ్ గుర్తుపట్టదు చాలాసార్లు. డాంగిల్ లేకుండా కీతో నడిచేవి ఇంకొన్ని ఉన్నాయి. వాటి కీ హార్డ్ డిస్క్ నంబరుకో, బోర్డు నంబరుకో ముడిపడి ఉంటుంది.

పరకాల వైపు నుంచి ఒక డీటీపీ ఆయన తన సిస్టమ్ తెచ్చాడు. బోర్డు పోయింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఒరిజినల్, బిల్లు కూడా లామినేషన్ చేయించి దాచుకున్నాడు. కొత్త బోర్డు వేశాక ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే మెషిన్ మారింది కాబట్టి మళ్ళీ కొనాలన్నారు, అదీ కొత్త వెర్షన్ పూర్తి ధరకు. బిల్లు ఉందండీ అంటే, బిల్లు ఆ మెషిన్‌కు సార్ అన్నారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఇది ఏ ఒక్కరో చేస్తున్న పని అయితే వాళ్ళకే రాసేవాణ్ణి, మీ దాకా వచ్చేవాణ్ణి కాదు. అప్పుడు పెళ్ళిళ్ళ సీజన్. ఆయనకు ఒప్పుకున్న పత్రికలున్నాయి, ముహూర్తాలు ఆగవు. పక్క షాపులో ఎవరో క్రాక్ (లైసెన్స్ లేకుండా ప్రోగ్రామ్ నడిపే దొంగదారి) వేసి ఇస్తామన్నారు. ఆయన వద్దన్నాడు. వేరేవాళ్ళ సెంటర్‌లో రాత్రిపూట గంటల లెక్కన కిరాయి కట్టి కూర్చుని పని ముగించాడు. నిజాయితీగా ఉన్నందుకు ఆయనకు దొరికింది అదీ.

క్రాక్ సంగతి దాచకుండా మాట్లాడాలి. ఇలా దారులన్నీ మూసేస్తే జనం వెళ్ళేది అటే. నేను క్రాక్ వేయను. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ కింద దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం మాట అటుంచినా, క్రాక్‌తో పాటు లోపలికి ఏమొస్తుందో రోజూ చూస్తున్నాను. పాస్‌వర్డులు దోచేవి, ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగేవి వస్తున్నాయి. మీసేవ సెంటర్ కంప్యూటర్‌లో జనం ఆధార్ కాగితాలుంటాయి, బ్యాంకు పనులు చేసేవాళ్ళ దగ్గర వేలిముద్రల పరికరం ఉంటుంది. అలాంటి మెషిన్‌లోకి క్రాక్ వెళ్ళిందంటే నష్టం ఆ ఒక్క దుకాణంతో ఆగదు. డబ్బు పెట్టి కొన్నవాడిని మళ్ళీ కొనమని తరిమితే ఈ ప్రమాదం పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఇక చట్టాల దగ్గరికి వస్తే, సాఫ్ట్‌వేర్ వస్తువా, కాదా అన్నది మన సుప్రీంకోర్టు ఎప్పుడో విచారించింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో 2004 నవంబర్ 5న తీర్పు వచ్చింది. అప్పుడు మేమూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. డిస్క్‌లో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వస్తువే, దానికి అమ్మకం పన్ను కట్టాల్సిందే అని కోర్టు చెప్పింది. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో, విదేశీ కంపెనీల నుంచి అలాంటి సాఫ్ట్‌వేర్ కొని కట్టే డబ్బు కాపీరైట్‌కు ఇచ్చే రాయల్టీ కాదని కూడా చెప్పింది. ఈరోజు సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం జీఎస్‌టీ కడుతున్నాం. పన్ను దగ్గర అది వస్తువు అయినప్పుడు, కొన్నవాడి ఇంట్లో కూడా అది వస్తువే కావాలి కదా. పన్ను కట్టేటప్పుడు ఒక మాట, బోర్డు మార్చినప్పుడు ఇంకో మాట ఎలా కుదురుతుంది?

మా రైతులు బావి దగ్గర మోటరు కాలిపోతే కొత్త మోటరు బిగించుకుంటారు. పాత మోటరుతో పాటు నీ కరెంటు కనెక్షన్ కూడా పోయింది, మళ్ళీ డీడీ కట్టు అని ఎవరూ అనరు. కనెక్షన్ రైతు పేరు మీద ఉంటుంది. నేనడిగేది అంతే.

వేరే దేశాల్లో ఏమైందో చూడండి. జర్మనీలో అత్యున్నత న్యాయస్థానం 2000 జులైలోనే, కంప్యూటర్‌తో పాటే అమ్మాలని రాసి ఉన్న ఓఈఎం కాపీని విడిగా అమ్మినా తప్పులేదని చెప్పింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012 జులై 3న యూజ్‌డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో ఇంకా ముందుకు వెళ్ళింది. శాశ్వతంగా వాడుకోవడానికి డబ్బు తీసుకుని ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కాపీని, తన దగ్గర తీసేసి ఇంకొకరికి అమ్ముకునే హక్కు కొన్నవాడికి ఉందని, డౌన్‌లోడ్ చేసుకున్నదైనా సరే అని తేల్చింది. అక్కడ ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఇక్కడ మావాళ్ళు అడిగేది అమ్ముకోవడం కూడా కాదు, తమ టేబుల్ మీదే తమ పాత క్యాబినెట్‌లోనే వాడుకుంటామని.

కంపెనీలు వినవని కూడా నేననుకోను. 2006లో విండోస్ విస్టా లైసెన్స్‌ను ఒక్కసారి మాత్రమే వేరే మెషిన్‌కు మార్చుకోవచ్చని మొదట రాశారు. సొంతంగా సిస్టమ్‌లు కట్టుకునేవాళ్ళు గట్టిగా అడిగేసరికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది నవంబర్‌లో ఆ షరతు తీసేసింది. 2013లో ఆఫీస్ 2013ను ఒకే కంప్యూటర్‌కు కట్టేసింది. జనం ఒప్పుకోలేదు. మార్చి నెలలో నిబంధన మార్చి, 90 రోజులకోసారి వేరే కంప్యూటర్‌కు మార్చుకోవచ్చని చెప్పింది. అడోబీ కంపెనీ ఫోటోషాప్ లాంటివున్న తన పాత సీఎస్2 ప్యాకేజీ యాక్టివేషన్ సర్వర్‌ను ఆపేసినప్పుడు, కొన్నవాళ్ళు నష్టపోకుండా 2013లో యాక్టివేషన్ అక్కర్లేని కాపీని అందుబాటులో పెట్టింది. వీటన్నిటిలోనూ అడిగినవాళ్ళు ఎక్కడో పెద్ద దేశాల్లో ఉన్నవాళ్ళు. మా ప్రాంతం వాళ్ళ మాట అక్కడిదాకా వెళ్ళదు. అందుకే మీరు అడగాలి.

సాంకేతికంగా వీలుకాదన్న మాట కూడా నిలబడదు. విండోస్ 10లో 2016 నుంచి లైసెన్స్‌ను మన మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసుకుని, "ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను" అని నొక్కి కొత్త బోర్డు మీద యాక్టివేట్ చేసుకునే ఏర్పాటు ఉంది, లైసెన్స్ రకం దానికి ఒప్పుకుంటే. మన దగ్గర లెక్కలకు ఎక్కువగా వాడే ట్యాలీలో లైసెన్స్ సరెండర్ చేసి వేరే మెషిన్‌లో యాక్టివేట్ చేసుకోవచ్చు. అడ్తి దుకాణాల వాళ్ళకు ఇది బాగా అలవాటు. ఒకేసారి రెండు మెషిన్లలో నడవదు, కంపెనీకి నష్టం లేదు. కొన్నవాడికీ టెన్షన్ లేదు. దారి ఉంది. అందరూ ఆ దారిలో నడిచేలా చేసే నియమమే లేదు.

కంపెనీల బాధ నాకు అర్థం కాక కాదు. ఒకే కీతో పది సిస్టమ్‌లు నడిపిన ఇన్‌స్టిట్యూట్‌లు నాకూ తెలుసు. కంప్యూటర్‌తో కలిపి తక్కువ ధరకు ఇచ్చినప్పుడు ఏదో ఒక షరతు పెట్టుకుంటామన్నా న్యాయమే. కానీ ఆ షరతు కొనేముందు చెప్పాలి. రిపేర్ చేయించుకున్నవాడిని, దొంగ కాపీ వాడేవాడిని ఒకే గాటన కట్టకూడదు.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, మద్దతు ఆగిపోయాయి. విండోస్ 11 పడాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు బోర్డులో కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైన ప్రాసెసర్ కావాలి. మా షాపుకు వచ్చే సిస్టమ్‌లలో అంతకన్నా పాతవే ఎక్కువ. నాలుగో తరం ఐ3 మీద పేజ్‌మేకర్, జిరాక్స్ స్కానర్, ఆన్‌లైన్ ఫారాలు చక్కగా నడుస్తాయి. ఆ మెషిన్‌కు వచ్చిన జబ్బేమీ లేదు. అయినా సెక్యూరిటీ కోసం బోర్డు మార్చుకోక తప్పని పరిస్థితి వచ్చింది. బోర్డు మార్చుకుంటే ఓఈఎం లైసెన్స్ చెల్లదు. దాంతోపాటు డీటీపీ ఫాంట్ల కీ పోతుంది, ఫ్లెక్సీ మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్ పోతుంది, ప్యారలల్ పోర్టు డాంగిల్ పనికిరాకుండా పోతుంది. ఒక్క బోర్డు మార్పుతో ఒక చిన్న దుకాణం తన సాఫ్ట్‌వేర్ అంతటినీ మళ్ళీ కొనాల్సి వస్తోంది. ఇది ఆ దుకాణదారు కోరుకున్న అప్‌గ్రేడ్ కాదు. మార్చుకోమని నెట్టినవాళ్ళకు మార్పిడి ఖర్చులో కొంతైనా బాధ్యత ఉండాలి. కనీసం పాత లైసెన్స్‌ను కొత్త బోర్డు మీదికి రానివ్వాలి.

లైనక్స్ వేసుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. బ్రౌజర్, ఉత్తరాలు, లెక్కల పట్టికలు చాలనుకునేవాళ్ళకు నేను అదే వేసి ఇస్తాను, సంతోషంగా వాడుకుంటున్నారు. కానీ పాత పేజ్‌మేకర్ ఫైళ్ళున్నవాళ్ళకు, ఫ్లెక్సీ మెషిన్ ఉన్నవాళ్ళకు ఆ దారి లేదు.

మీ శాఖ చేసిన పనిని నేను చూస్తూనే ఉన్నాను. 2022 జులైలో మరమ్మతు హక్కు కోసం కమిటీ వేశారు. ఆ ఏడాది చివర్లో పోర్టల్ తెచ్చారు. వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు అందులో పెట్టారు. 2025లో రిపేరబిలిటీ ఇండెక్స్ (వస్తువును ఎంత సులువుగా రిపేర్ చేయవచ్చో చెప్పే కొలత) మీద నివేదిక వచ్చింది, ముందు స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెట్టమంది. మంచి పని. మాలాంటివాళ్ళకు విడిభాగాలు, మాన్యువల్‌లు దొరుకుతాయన్న ఆశ దాంతోనే పుట్టింది. అయితే కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి విడిభాగం దొరకడంతో రిపేర్ పూర్తికాదు. నేను బోర్డు మార్చి, కరెంటు ఇచ్చి, ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఆ మెషిన్ బాగైనట్టు కాదు. అందులో ఇంతకుముందు నడిచిన సాఫ్ట్‌వేర్ మళ్ళీ నడిస్తేనే బాగైనట్టు. మీ ఇండెక్స్‌లో కంప్యూటర్లను చేర్చినప్పుడు ఈ కొలతను తప్పకుండా పెట్టండి: బోర్డు మార్చాక ఆ కంప్యూటర్‌తో అమ్మిన సాఫ్ట్‌వేర్ అదనపు ఖర్చు లేకుండా మళ్ళీ యాక్టివేట్ అవుతుందా, లేదా?

ప్యాకేజీల మీద ఏం రాయాలో చెప్పే తూనికలు కొలతల నియమాలు కూడా మీ శాఖ చేతిలోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌తో అమ్మే ప్రతి కంప్యూటర్ పెట్టె మీద, విడిగా అమ్మే సాఫ్ట్‌వేర్ మీద, లైసెన్స్ మనిషికా, మెషిన్‌కా అన్న ఒక్క వాక్యం రాయించండి. తెలుగులో కూడా ఉంటే మాకు ఇంకా మేలు. ఆన్‌లైన్‌లో అమ్మేచోట ధర పక్కనే అది కనిపించాలి. బోర్డు మార్చినట్టు రుజువు అడిగితే, కంపెనీ సర్వీస్ సెంటర్ బిల్లే కావాలని పట్టుబట్టకుండా జీఎస్‌టీ నంబరున్న ఏ రిపేర్ షాపు బిల్లునైనా ఒప్పుకునేలా చూడండి. వారంటీ దాటిన మెషిన్‌ను రిపేర్ చేసేది మేమే. కీని బోర్డులో దాచి పంపే కంపెనీలు కొన్నవాడికి దాన్ని రాసి కూడా ఇవ్వాలి. పాత సాఫ్ట్‌వేర్ సర్వర్ మూసేసే కంపెనీ, డాంగిల్‌లు తయారు చేయడం ఆపేసే కంపెనీ, మూసేసేముందు అవి లేకుండా నడిచే కాపీని కొన్నవాళ్ళకు అందించాలి.

ఇంకొకటి, ఇది మీ శాఖ పార్లమెంటు ముందుకు తీసుకెళ్ళాల్సిన సంగతి. 2019 చట్టంలో అన్యాయమైన ఒప్పందం అన్న మాట తెచ్చి చాలా మేలు చేశారు. వినియోగదారుడికి నష్టం కలిగించే అసమంజసమైన షరతు, భారం దాని కిందికి వస్తాయి. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొనుక్కున్నది వ్యాపార అవసరం కిందికి రాదని కూడా అదే చట్టం చెబుతోంది, అంటే మా డీటీపీ ఆయన వినియోగదారుడే. కానీ అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి లేదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్ళాలి. కొన్ని వేల రూపాయల సాఫ్ట్‌వేర్ కోసం పరకాల మనిషి హైదరాబాద్‌లో కేసు నడపగలడా? దాఖలు చేయడం ఆన్‌లైన్‌లో కుదురుతుంది, నిజమే. కానీ ఒప్పందం చదివి వాదించే వకీలు కావాలి, పని మానుకుని తిరగాలి. చిన్న మొత్తాల ఒప్పందాల మీద ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్లకు ఇవ్వండి. అది జరిగేలోపు, సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఈ బోర్డు షరతును తనంత తానుగా తీసుకుని విచారించవచ్చు. ఒక్కో మనిషీ విడివిడిగా గెలవలేని విషయాల కోసమే ఆ సంస్థ ఉంది.

మీరు సంప్రదింపులు పెట్టినప్పుడు పెద్ద కంపెనీల ప్రతినిధులు తప్పకుండా వస్తారు. వాళ్ళతో పాటు జిల్లాల్లో రిపేర్ చేసేవాళ్ళను, డీటీపీ వాళ్ళను, మీసేవ ఆపరేటర్లను కూడా పిలవండి. ఢిల్లీ దాకా రాలేనివాళ్ళకు వీడియోలో అవకాశం ఇవ్వండి, తెలుగులో మాట్లాడనివ్వండి. బిల్లులు, పాత డాంగిల్‌లు, కంపెనీలు పంపిన జవాబులు చాలామంది దగ్గర భద్రంగా ఉన్నాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళ కాగితాలు వాళ్ళ అనుమతితో పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

విండోస్ 10 వాడేవాళ్ళకు ఇచ్చిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు ఇళ్ళలో వాడే మెషిన్లకు 2026 అక్టోబర్ 13తో ముగుస్తుంది. ఆలోపు చాలామంది బోర్డులు మార్చుకుంటారు. కనీసం ఈ ఒక్క మార్పిడి వరకైనా పాత లైసెన్స్‌ను కొత్త బోర్డు మీద ఒప్పుకోవాలని కంపెనీలకు మీరు సూచన పంపండి. మిగతా నియమాలు రాయడానికి సమయం పడుతుందని నాకు తెలుసు, ఈ సూచనకు అంత సమయం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
హనుమకొండ.